డయాలసిస్ యంత్రాలు సరే, వాటి పక్కన నిలబడే మనుషులేరీ? – ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

ప్రపంచ దేశాల గౌరవ ఆరోగ్య మంత్రులకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు,

అమ్మా, అయ్యా,

మేము కిడ్నీ వైద్యంలో పనిచేసే డాక్టర్లం, నర్సులం, డయాలసిస్ టెక్నీషియన్లం. 2025 మే నెలలో జెనీవాలో జరిగిన 78వ ప్రపంచ ఆరోగ్య సభలో మీరు కిడ్నీ ఆరోగ్యంపై మొట్టమొదటి తీర్మానాన్ని ఆమోదించారు. ఆ తీర్మానం కోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూశాం. అందుకు మీకు కృతజ్ఞతలు. ఇక నేరుగా విషయానికి వస్తాం.

కిడ్నీ వైద్యం పేరుతో ఎక్కడ డబ్బు కేటాయించినా ముందు యంత్రాలు వస్తాయి, తర్వాత భవనం వస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు. ఆ యంత్రాల పక్కన నాలుగు గంటలు నిలబడే నర్సు ఎక్కడి నుంచి వస్తుంది, ఆమెకు ఎవరు నేర్పుతారు, నేర్చుకున్నాక ఆమె ఆ ఊళ్లో ఎందుకు ఉండిపోవాలి అన్న ప్రశ్నలు ఫైలులో ఆఖరి పేజీకి కూడా చేరవు. మా ఫిర్యాదు ఇదే. ఇది కొత్తదీ కాదు. కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ 2017లో, 2019లో, 2023లో మూడుసార్లు దేశాలవారీగా లెక్కలు తీసి ప్రచురించింది. మూడుసార్లూ మనుషుల కొరత గురించి చెప్పింది.

ప్రపంచంలో దాదాపు 85 కోట్ల మందికి ఏదో ఒక కిడ్నీ జబ్బు ఉందని అంచనా. 2023 లెక్క ప్రకారం దేశాలన్నిటినీ వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న దేశంలో 10 లక్షల జనాభాకు నెఫ్రాలజిస్టులు (కిడ్నీ నిపుణులు) సుమారు 12 మంది. పేద దేశాల్లో 10 లక్షల మందికి ఒక్కరు కూడా లేరు. సంపన్న దేశాలకూ వాటికీ మధ్య తేడా దాదాపు 80 రెట్లు. డయాలసిస్ గానీ కిడ్నీ మార్పిడి గానీ 2010లో అందినవారు సుమారు 26 లక్షల మంది కాగా, అవసరమైనవారు తక్కువలో తక్కువ 49 లక్షలని 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అందక చనిపోయినవారు కనీసం 23 లక్షల మంది ఉంటారని అదే అధ్యయనం చెప్పింది. అకస్మాత్తుగా కిడ్నీలు దెబ్బతిని, నివారించగలిగీ నివారించలేకపోయిన మరణాలు 2025 నాటికి ఒక్కటి కూడా ఉండకూడదని 2013లో ఒక లక్ష్యం పెట్టుకున్నాం. ఆ గడువు దాటిపోయింది. మరణాలు ఆగలేదు.

మనుషులు చాలకపోతే రోగి మంచం దగ్గర ఏం జరుగుతుందో వరుసగా చెబుతాం.

1. ఒక నర్సుకు రెండు చేతులే ఉంటాయి

యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేసే హీమోడయాలసిస్ ముగిసే ఆఖరి అరగంటను చూడండి. లైన్లలోని రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపాక, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి చేతిలో ధమనినీ సిరనూ కలిపిన చోటు) నుంచి రెండు సూదులు తీయాలి. సూది తీసిన చోట గాజుగుడ్డ పెట్టి వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. ఒక్కో చోట దాదాపు పది నిమిషాలు. ఆగిందేమోనని మధ్యలో ఎత్తి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఓపికున్న రోగి తన చేత్తో తానే నొక్కుకోగలడు. వృద్ధులు, బీపీ పడిపోయినవారు, చూపు తగ్గినవారు నొక్కుకోలేరు. రెండు సూదులకూ కలిపి మనిషికి 20 నిమిషాలు. నలుగురికైతే 80 నిమిషాలు. ఎనిమిది మందిని ఒక్క నర్సుకే అప్పగిస్తే 2 గంటల 40 నిమిషాలు. ఆలోపు తర్వాతి షిఫ్టు వాళ్లు వరండాలో కూర్చుని ఉంటారు.

అప్పుడు నర్సు ముందున్న దారులు రెండే. మొదటిది, గుడ్డ పెట్టి బిగించి కట్టేసి ఇంకో రోగి దగ్గరికి వెళ్లడం. కట్టు బిగుసుకుంటే ఫిస్టులాలో రక్తం గడ్డకడుతుంది. తెల్లారి చెయ్యి ముట్టుకుంటే ప్రవాహం తగలదు. నెలల తరబడి కాపాడుకున్న ఫిస్టులా ఒక్క రాత్రిలో పోతుంది. రెండోది, షిఫ్టు సర్దుబాటు కోసం నాలుగు గంటల డయాలసిస్‌ను మూడున్నర గంటలకే ఆపేయడం. అరగంటే కదా అనిపిస్తుంది. వారానికి మూడుసార్లు చొప్పున ఏడాదికి 156 సెషన్లు. 156 అరగంటలంటే 78 గంటలు. అంటే ఆ రోగికి ఏడాదిలో దాదాపు 20 డయాలసిస్‌లు ఎగ్గొట్టినట్టే.

నీరు తీసే వేగం కూడా ఇక్కడే అదుపు తప్పుతుంది. 60 కిలోల మనిషి ఒంట్లోంచి 3 లీటర్ల నీరు తీయాలనుకోండి. నాలుగు గంటల్లో తీస్తే కిలోకు గంటకు 12.5 మిల్లీలీటర్లు. మూడున్నర గంటల్లో తీస్తే 14.3. ఈ వేగం 13 దాటినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నట్టు అధ్యయనాలు చూపించాయి. రోగికి మాత్రం తెలిసేది బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం, ఇంటికెళ్లి మర్నాటి దాకా లేవలేకపోవడం.

ఇంకొకటి. యంత్రం నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తాన్ని తోడుతున్నప్పుడు ఒంట్లోకి తిరిగి వెళ్లే వైపు సూది జారిపోతే, మూడున్నర నిమిషాలు గడవకముందే ఒక లీటరు రక్తం దుప్పటి కింద మంచం మీదికి చేరుతుంది. అలారం మోగుతుంది కదా అంటారు. చాలాసార్లు మోగదు. జారిన సూదికి కూడా ప్రవాహాన్ని అడ్డుకునే గుణం ఉంటుంది కాబట్టి లైనులో ఒత్తిడి పెద్దగా తగ్గదు, యంత్రం అంతా బాగానే ఉందనుకుంటుంది. దాన్ని పట్టుకోగలిగేది మనిషి కన్ను మాత్రమే. చెయ్యి కనబడేలా దుప్పటి తీసి ఉంచాలి, టేపు సరిగ్గా వేయాలి, మాటిమాటికీ చూడాలి. ఎనిమిది మంది మధ్య పరుగెత్తే నర్సు ఎవరి చెయ్యి చూడగలదు?

2. నీటిని పరీక్షించే మనిషి లేని చోట

నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల డయాలసిస్ ద్రవం రోగి రక్తం పక్కనుంచి ప్రవహిస్తుంది. వారానికి 360 లీటర్లు. రోజుకు రెండు లీటర్లు తాగే ఆరోగ్యవంతుడి పొట్టలోకి వారంలో వెళ్లేది 14 లీటర్లే, అదీ పేగులు వడపోసి పంపితేనే. డయాలసిస్ రోగికి అడ్డుగా ఉండేది సన్నటి పొర ఒక్కటే.

తాగునీటిలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్‌ను ఆర్వో సరిగా ఆపలేదు. దాన్ని కార్బన్ ట్యాంకులు పట్టుకోవాలి. ఒకదాని వెనక ఒకటిగా రెండు ట్యాంకులు, రెండిటిలో కలిపి నీరు కార్బన్‌ను తాకి ఉండే సమయం 10 నిమిషాలు. ప్రతి షిఫ్టుకు ముందు మొదటి ట్యాంకు దాటిన నీటిని పట్టి చూడాలి. క్లోరమైన్‌తో కలిపి మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే రెండో ట్యాంకు దాటిన నీటిని చూడాలి, అక్కడా దాటితే డయాలసిస్ మొదలుపెట్టకూడదు. పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. కానీ టెక్నీషియన్ పోస్టే లేని కేంద్రంలో ఆ కొద్ది నిమిషాలు ఎవరివీ కావు. క్లోరమైన్ జారిపోతే రోగి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పైపుల్లో బ్యాక్టీరియా పెరిగితే డయాలసిస్ మొదలైన గంటకే చలి, వణుకు, జ్వరం. అదేదో ఇన్‌ఫెక్షనని యాంటీబయాటిక్ ఇచ్చి పంపేస్తారు, నీటి మీదికి ఎవరి దృష్టీ పోదు.

బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో 1996 ఫిబ్రవరిలో ఏం జరిగిందో మీ అధికారులకు తెలిసే ఉండాలి. ఒక డయాలసిస్ కేంద్రానికి వచ్చిన నీటిలో నాచు జాతి సూక్ష్మజీవులు విడిచిన మైక్రోసిస్టిన్ అనే విషం ఉంది. 131 మంది రోగుల్లో 116 మంది జబ్బుపడ్డారు. 100 మందికి కాలేయం విఫలమైంది. ఆ ఏడాది డిసెంబరు నాటికి 76 మంది చనిపోయారు, వారిలో 52 మంది మరణానికి ఆ విషమే కారణమని తేల్చారు. ఇంత చూశాక కూడా చాలా చోట్ల నీటిశుద్ధి గది తాళంచెవి అటెండరు దగ్గరే ఉంటోంది.

3. ఫిస్టులా వేసే సర్జన్ లేని చోట

ఫిస్టులా డయాలసిస్ మొదలయ్యే నాటికి సిద్ధంగా ఉండాలి. వేశాక కనీసం ఆరు వారాలు ఆగాలి. రక్తనాళం 6 మిల్లీమీటర్ల వెడల్పుకు రావాలి, చర్మం కింద 6 మిల్లీమీటర్ల కన్నా లోతుగా ఉండకూడదు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం ఉండాలి. వేసే సర్జన్ గానీ, స్కాన్ చేసి చూసేవారు గానీ లేకపోతే రోగి ఆయాసంతో వచ్చిన రోజున మెడ సిరలోకి కేథటర్ అనే గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెడతారు. వారాల కోసం వేసిన ఆ కేథటర్ నెలలు ఉండిపోతుంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్, గుండెకు వెళ్లే పెద్ద సిర కుంచించుకుపోవడం, ఆ తర్వాత ఆ వైపు చేతికి ఫిస్టులా వేద్దామన్నా కుదరకపోవడం. సర్జన్‌ను నియమించక ఆదా చేశామనుకున్న జీతం కంటే ఎన్నో రెట్లు ఆసుపత్రి ఖర్చు కింద పోతుంది.

4. ఇంటి దగ్గరి డయాలసిస్ ఎందుకు నిలబడటం లేదు

పొట్టలో అమర్చిన గొట్టం ద్వారా ద్రవం నింపి, కొన్ని గంటల తర్వాత తీసేసి రక్తాన్ని శుద్ధి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌కు పెద్ద యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, వారానికి మూడుసార్లు ప్రయాణం అక్కర్లేదు. రెండు లీటర్ల సంచి, రోజుకు నాలుగుసార్లు మార్పు. కేంద్రానికి దూరంగా ఉండేవారికి ఇంతకన్నా మేలైన దారి లేదని మా నమ్మకం. అయితే ఇది నేర్పితేనే వచ్చే విద్య. ఒక నర్సు ఒక రోగి పక్కన రోజుకు కొన్ని గంటల చొప్పున దాదాపు వారం రోజులు కూర్చోవాలి. చేతులు ఎలా కడగాలి, గొట్టం మూత ఎలా తీయాలి, బయటికి వచ్చిన నీరు మబ్బుగా కనిపిస్తే ఆ సంచిని పారేయకుండా వెంటనే ఎలా తీసుకురావాలి అన్నవి చేయించి చూడాలి, తర్వాత ఇంటికెళ్లి చూడాలి. పొట్టలో ఇన్‌ఫెక్షన్ ఒక రోగికి ఏడాదికి సగటున 0.4 సార్లు మించకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. అంటే రెండున్నరేళ్లకు ఒకసారి. నేర్పే నర్సు లేని చోట ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి, రోగులు తగ్గుతారు, చివరికి పద్ధతే మంచిది కాదని పథకం మూసేస్తారు. తప్పు పద్ధతిది కాదని మేము ఎన్నిసార్లు చెప్పినా వినేవారు లేరు.

5. డయాలసిస్ దాకా రాకుండా ఆపగలిగేవారు

కిడ్నీలు చాలా వరకు పాడయ్యేదాకా రోగికి ఏ బాధా తెలియదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం), మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీన్) అనే రెండు పరీక్షలు చాలు ముందే పట్టుకోవడానికి. షుగర్, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి చేయాలి. మందులున్నాయి. కానీ వాటిని రాసే ధైర్యం ప్రాథమిక వైద్యుడికి ఎవరో ఒకరు నేర్పాలి. మూత్రంలో ప్రొటీన్ పోకుండా ఆపే బీపీ మందు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే మందు ఆపనక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలియక భయపడి మందు ఆపేసినందువల్ల, కొన్నేళ్లు వెనక్కి జరపగలిగిన డయాలసిస్ ముందే వచ్చి పడుతుంది. అకస్మాత్తుగా దెబ్బతినే కిడ్నీల సంగతీ అంతే. విరేచనాలు, మలేరియా, కాన్పులో రక్తస్రావం, పాముకాటు – వీటిలో మొదటి రోజున ద్రవాలు సరిగా ఇచ్చి, మూత్రం ఎంత వస్తోందో కొలిచి రాసే నర్సు ఒక్కరుంటే చాలామందికి నెఫ్రాలజిస్టు అవసరమే రాదు.

పిల్లల నెఫ్రాలజిస్టులు, బయాప్సీ చదివే పాథాలజిస్టులు, ఆహారం చెప్పే డైటీషియన్లు, మందుల మోతాదు సరిచూసే ఫార్మసిస్టులు, మార్పిడి కోఆర్డినేటర్లు – వీరి కొరత ఇంకా ఎక్కువ. ప్రతి ఒక్కరి గురించీ విడిగా రాస్తే ఈ లేఖ ముగియదు.

6. వలస

వైద్య విద్యలో చేరిన రోజు నుంచి నెఫ్రాలజిస్టు కావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఇద్దరే నెఫ్రాలజిస్టులున్న దేశం నుంచి ఒకరు వెళ్లిపోతే సగం వైద్యం వెళ్లిపోయినట్టు. వెళ్లేవారిని మేము తప్పుపట్టం. మంచి జీతం, మంచి చదువు కోరుకోవడం ఎవరికైనా హక్కే. తీసుకునే దేశాలను మాత్రం అడుగుతున్నాం. ఆరోగ్య సిబ్బందిని విదేశాల నుంచి తీసుకోవడంపై ప్రపంచ ఆరోగ్య సభ 2010లోనే నియమావళి ఆమోదించింది. అది స్వచ్ఛందం. సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న 55 దేశాల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. మరోపక్క అమెరికాలో నెఫ్రాలజీ ఫెలోషిప్ సీట్లు ఏటా మిగిలిపోతున్నాయి. తమ పిల్లలు ఎందుకు ఈ చదువుకు రావడం లేదో, పని గంటలు, జీతం ఎలా ఉన్నాయో సంపన్న దేశాలు చూసుకోవాలి. ఆ ఖాళీలకు పేద దేశాలు తమ మనుషులను ఇచ్చుకోవాల్సిన పని లేదు.

ఇక మా డిమాండ్లు.

ఒకటి. ఏడాదిలోగా ప్రతి దేశమూ జిల్లా స్థాయి దాకా లెక్క తీసి బయటపెట్టాలి: నెఫ్రాలజిస్టులు, డయాలసిస్ నర్సులు, టెక్నీషియన్లు, ఫిస్టులా వేసే సర్జన్లు, పిల్లల నిపుణులు ఎందరున్నారు, ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ. ఒక నర్సు పేరు రెండు కేంద్రాల హాజరుపట్టీల్లో ఉంటే ఒక్కసారే లెక్కపెట్టాలి.

రెండు. సిబ్బంది చేరాకే యంత్రాలకు డబ్బు విడుదల చేయాలి. లెక్క కష్టమేమీ కాదు. 20 యంత్రాలు, రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు నడిచే కేంద్రంలో 120 మంది రోగులుంటారు. ముందూ వెనకా పనితో కలిపి షిఫ్టుకు ఐదున్నర గంటలు, మూడిటికి పదహారున్నర గంటలు, అంటే రోజుకు రెండు డ్యూటీలు. నలుగురికి ఒక నర్సు చొప్పున డ్యూటీకి ఐదుగురు, వారానికి 60 డ్యూటీలు. సెలవులు, జబ్బులు, శిక్షణ పోగా ఒక నర్సు సగటున వారానికి నాలుగు డ్యూటీలు చేయగలదు. కాబట్టి 15 మంది కావాలి, వారిపైన ఇన్‌చార్జి, కొత్తవారికి నేర్పే నర్సు మరో ఇద్దరు. ఎనిమిది మందితో నడిపిస్తే చేతికందేవి 32 డ్యూటీలే. ఒక్కొక్కరి మీద ఏడెనిమిది మంది రోగులు పడతారు. పైన 1వ భాగంలో చెప్పిందంతా అక్కడ జరుగుతుంది.

మూడు. నలుగురికి ఒక నర్సు అన్నది సలహాగా ఉంటే సరిపోదు, లైసెన్సు షరతు కావాలి. కొత్త నర్సును కనీసం మూడు నెలలు అనుభవజ్ఞుల పక్కన ఉంచాకే ఒంటరిగా రోగులను అప్పగించాలి.

నాలుగు. ప్రతి కేంద్రంలో నీటికీ యంత్రాలకూ బాధ్యుడైన టెక్నీషియన్ పోస్టు ఉండాలి. ప్రతి షిఫ్టు ముందరి క్లోరిన్ రీడింగు, టైము, సంతకం రోగులకు కనబడే గోడ మీద రాయాలి.

ఐదు. నెఫ్రాలజిస్టులు తయారయ్యేదాకా రోగులు ఆగలేరు. జనరల్ ఫిజీషియన్లకు ఏడాది పాటు డయాలసిస్ శిక్షణ ఇచ్చి, పెద్దాసుపత్రి నెఫ్రాలజిస్టు రోజూ ఫోనులో అందుబాటులో ఉండేలా జిల్లాల్లో నియమించాలి. ప్రాథమిక వైద్యులకు, ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు పైన 5వ భాగంలో చెప్పిన రెండు పరీక్షలు, మందుల వాడకం నేర్పాలి.

ఆరు. ఉన్నవారిని నిలబెట్టుకోవాలి. డయాలసిస్ నర్సుకు ప్రత్యేక అర్హతగా గుర్తింపు, దానికి తగ్గ జీతం, పదోన్నతి ఉండాలి. రోజూ రక్తంతో పనిచేసే వారందరికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ, తర్వాత యాంటీబాడీ పరీక్షా ఉచితంగా చేయించాలి. ఆఖరి షిఫ్టు ముగిసేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఇంటికి చేర్చే వాహనం ఆసుపత్రి బాధ్యత.

ఏడు. సంపన్న దేశాలు ఆ 55 దేశాల నుంచి ప్రకటనలిచ్చి మరీ సిబ్బందిని తీసుకోవడం ఆపాలి. తమంతట తాము వచ్చినవారిని చేర్చుకుంటే, ఒక్కొక్కరికి బదులుగా వారి దేశంలో ఒక శిక్షణ సీటు ఖర్చును పూర్తిగా భరించాలి.

ఈ లేఖ అందిందని మాకు రాయనక్కర్లేదు. మీ దేశంలోని ప్రతి డయాలసిస్ కేంద్రం తలుపు మీద మూడు అంకెలు రాయించండి: ఇక్కడ ఉండాల్సిన నర్సులు ఎందరు, ఈ రోజు డ్యూటీలో ఉన్నవారు ఎందరు, మిగతావారు ఏ తేదీకి వస్తారు. వచ్చే ప్రపంచ ఆరోగ్య సభకు ఆ అంకెలతోనే రండి.

ఇట్లు,
కిడ్నీ వైద్యంలో పనిచేస్తున్న డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు